హీరోయిన్ కారు పొగలు కక్కితే...

ఏలూరు నుంచి ఓ డిగ్రీ కుర్రాడు ఉత్తరం రాశాడు. "అయ్యా! పాత సినిమాలు టీవీలో వదలకుండా చూస్తాను. రెండు సినిమాలకోసారి హీరోయిన్ కారు ఊరి బయట ఆగిపోతుంది. బోనెట్లోంచి గుప్పుగుప్పున పొగలు! హీరోగారు చేనుగట్టున బావిలోంచి చేదతో నీళ్ళు తోడుకొచ్చి పోస్తాడు. కారు బయల్దేరుతుంది, దాంతోపాటు ప్రేమ కూడా బయల్దేరుతుంది. ఇది నిజంగా జరిగేదేనా, లేక రచయితల కల్పనా?" అని అడిగాడు.

తమ్ముడూ, మంచి ప్రశ్నే వేశావు. అందులో సగం నిజం, సగం అబద్ధం. కారు ఆగడం నిజం. పొగ కూడా నిజమే, కాకపోతే అది పొగ కాదు, ఆవిరి. చేదతో నీళ్ళు తెచ్చి పోయగానే కథ సుఖాంతం కావడం మాత్రం పచ్చి అబద్ధం. ఈ మాట నేను పుస్తకాలు చదివి చెప్పడంలేదు. ఉయ్యూరు రోడ్డు మీద ఎర్రటి ఎండలో, ఎనభై నాలుగేళ్ళ నాన్నగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని నేర్చుకున్నాను.

మా నాన్నగారు గాంధీనగరంలో ఫిలిం రిప్రజెంటేటివ్‌గా పనిచేశారు. మీ తరానికి ఆ ఉద్యోగం పేరే తెలీదు. కృష్ణా ఏరియాకి సినిమా కొన్న డిస్ట్రిబ్యూటరు విజయవాడ ఆఫీసులో కూర్చుంటాడు. ఆయన తరఫున హాలుకెళ్ళి, టిక్కెట్లు లెక్కచూసి, కలెక్షన్ కాగితం మీద సంతకం పెట్టించుకుని, ప్రింటు పెట్టెలు వెనక్కి తెచ్చేవాడే రిప్రజెంటేటివ్. ఒక్కో రీలు వెయ్యి అడుగులు, అంటే తెరమీద పదకొండు నిమిషాలు. పదహారు రీళ్ళ సినిమా ఇనప పెట్టెల్లో మోస్తే నడుము విరిగేది. ఆ పెట్టెల కోసమే నాన్నగారు సెకండ్ హ్యాండ్‌లో ఓ అంబాసిడర్ కొన్నారు. 1984 మోడలు. అంబాసిడర్ కారు బెంగాల్లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో పుట్టి 2014లో ఆగిపోయింది. మా ఇంట్లోది మాత్రం ఇంకా ఆగలేదు. ఆగిందంటే నాన్నగారు ఒప్పుకోరు.

ఆ కారుకి రోజూ ఓ లీటరు నీళ్ళు పట్టేవి. పొద్దున్నే మూత తీసి పోయడం, డిక్కీలో ఓ ప్లాస్టిక్ డబ్బా నిండా నీళ్ళు పెట్టుకోవడం మాకు అలవాటైపోయింది. "ముసలిది గదరా, దాహం ఎక్కువ" అనేవారు నాన్నగారు. నేనూ సరేననుకున్నాను. ఎనిమిది నెలలు అలా డబ్బాతో కాపురం చేశాం. ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయని ఒక్కనాడూ వంగి చూడలేదు. నా తప్పు అక్కడే మొదలైంది.

రిత్విక్ ఘటక్ తీసిన 'అజాంత్రిక్' అనే బెంగాలీ సినిమా ఉంది, 1958 నాటిది. సుబోధ్ ఘోష్ కథ. రాంచీ వైపు కొండదారుల్లో బిమల్ అనే టాక్సీ డ్రైవరు, అతని డొక్కు షెవర్లే, దాని పేరు జగద్దల్. బిమల్ రేడియేటర్‌లో నీళ్ళు పోస్తుంటే ఘటక్ ఆ శబ్దాన్ని ఎలా పెట్టాడో తెలుసా? దప్పికగొన్న మనిషి గటగటా తాగినట్టు! ఫిలిం సొసైటీలో ఆ సినిమా చూసి నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఇంటికొచ్చి మా కారుకి నీళ్ళు పోస్తూ నేనూ బిమల్‌నే అనుకుని మురిసిపోయాను. సినిమా పిచ్చి ఉన్నవాడి చేతిలో కారు పడితే ఇంతే. అదే 1958లో హిందీలో 'చల్తీ కా నామ్ గాడీ' వచ్చింది. వానరాత్రి మధుబాల కారు ఆగిపోయి గ్యారేజీకి వస్తే, కిశోర్ కుమార్ రిపేరు చేస్తాడు. ఆ సీను కూడా నాకు కంఠతా వచ్చు. రెండు సినిమాలూ కంఠతా వచ్చినవాడికి రేడియేటర్ కింద పడుతున్న చుక్క కనపడలేదు, చూశారా!

సరే, అసలు సంగతికొద్దాం.

అవనిగడ్డ వైపు ఓ ఊళ్ళో పాత టాకీసు ఉంది. నాన్నగారు రిప్రజెంటేటివ్‌గా వెళ్ళిన మొట్టమొదటి హాలు అది. ఆ హాలు పడగొట్టి కల్యాణ మండపం కడుతున్నారని కబురొచ్చింది. పది రోజుల్లో పని మొదలవుతుందట. నాన్నగారు రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న, "ఒరేయ్, ఒక్కసారి చూసొద్దామా? మన కార్లోనే" అన్నారు. టాక్సీ పిలుస్తానంటే వినరు. ఆ హాలుకి ఆ కార్లో పెట్టెలు మోసిన మనిషి మరి.

కంకిపాడు దాటాం. బాగానే ఉంది. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనకాల ఇరుక్కున్నాం. అడుగు వేస్తే ఆగడం, ఆగితే అడుగు వేయడం. గాలి ఆడదు. నాన్నగారు ఎప్పుడో బిగించుకున్న టెంపరేచర్ మీటరు ముల్లు ఎర్రగీత మీదకు ఎక్కింది. నేను చూస్తుండగానే మళ్ళీ కిందకు దిగింది. హమ్మయ్య అనుకున్నాను. అదే మోసం! ముల్లు దిగింది ఇంజను చల్లబడి కాదు, మీటరు బిళ్ళ చుట్టూ నీళ్ళే లేక. నీళ్ళలో మునిగి ఉంటేనే అది వేడి చెబుతుంది. నీళ్ళు పోతే ఏదో అంకె చూపిస్తూ మనల్ని జోకొడుతుంది. మీలో బండి నడిపేవాళ్ళు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఎక్కిన ముల్లు ఏ కారణమూ లేకుండా హఠాత్తుగా దిగితే సంతోషించొద్దు, బండి పక్కకు తీయండి.

ఇంకో అర కిలోమీటరుకే బోనెట్ సందుల్లోంచి తెల్లగా బయటకు తన్నుకొచ్చింది. అచ్చం సినిమా! హీరోయిన్ స్థానంలో పంచె కట్టుకున్న మా నాన్నగారు.

దిగి బోనెట్ ఎత్తాను. పక్కన టీ బంకు కుర్రాడు పరిగెత్తుకొచ్చి, రేడియేటర్ మూతమీద చెయ్యి వెయ్యబోయాడు. నాన్నగారు వెనక సీట్లోంచి ఒక్క అరుపు అరిచారు. ఆ కుర్రాడు ఆగిపోయాడు. ఆ అరుపు లేకపోతే వాడి మొహం ఇవాళ మొహంలా ఉండేది కాదు.

ఎందుకో చెబుతాను. రేడియేటర్ మూత సీసా మూతలాంటిది కాదు. దానికింద స్ప్రింగు ఉంటుంది. బండిని బట్టి ఏడు నుంచి పదిహేను పౌండ్ల ఒత్తిడిని అది లోపల పట్టి ఉంచుతుంది. మామూలుగా నీళ్ళు వంద డిగ్రీలకి మరుగుతాయని స్కూల్లో చదివాం కదా. ఏడు పౌండ్ల ఒత్తిడి ఉంటే నూటపది దాకా మరగవు. అందుకే ఆ ఏర్పాటు. ఇప్పుడు అలా వేడెక్కిన నీళ్ళమీద మూత తీశారనుకోండి, ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది, లోపలున్న నీళ్ళన్నీ ఆ క్షణంలోనే మరిగి మొహం మీదకు లేస్తాయి. సినిమాలో హీరో ఉత్త చేత్తో మూత తిప్పేస్తాడే, అక్కడ ఇంజను చల్లగా ఉంటుంది. ఆ పొగ ఎక్కడిదో షూటింగులు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

బావినీళ్ళు గబగబా పోయడం కూడా తప్పే. ఎర్రగా కాలిన ఇనప పెనం మీద చెంబుడు నీళ్ళు కొడితే ఏమవుతుంది? ఇంజను దిమ్మ కూడా అంతే, పగులుతుంది. కనీసం అరగంట, ముప్పావుగంట ఆగాలి. పైన హోస్ పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాక, తడిగుడ్డ మందంగా వేసి, మూతని మొదటి మెట్టు దాకా మాత్రమే తిప్పి, బుసకొట్టడం ఆగాక పూర్తిగా తియ్యాలి. తర్వాత ఇంజను స్టార్టు చేసి, సన్నటి ధారగా పోయాలి. ఇన్ని పనులయ్యేసరికి హీరోయిన్ బస్సెక్కి వెళ్ళిపోతుంది. అందుకే డైరెక్టర్లు ఈ భాగం ఎత్తేశారేమో!

మేము గంటసేపు ఆగాం. టీ బంకాయన రెండు చెంచాల పసుపు తెచ్చి రేడియేటర్లో వెయ్యమన్నాడు. లారీవాళ్ళకి ఈ వైద్యం పాతకాలం నుంచీ తెలుసు. పసుపు పిండి వెళ్ళి సన్నచిల్లులో ఇరుక్కుని పూడ్చుతుంది. పూడ్చే మాట నిజమే. అయితే చిల్లొక్కటే కాదు, దారిలో ఉన్న సన్నగొట్టాలు కూడా పూడిపోతాయి. వంటింటి వైద్యం పూటకి గట్టెక్కిస్తుంది గానీ, మర్నాడే షెడ్డులో కడిగించాలి. నేను వద్దనేలోపే ఆయన వేసేశాడు. నీళ్ళు పోసుకుంటూ, ఆగుతూ, ఆగుతూ ఇల్లు చేరాం. అవనిగడ్డ పోలేదు. నాన్నగారు దిగుతూ బానెట్ మీద చెయ్యి వేసి, "దీన్ని అమ్మేయరా. నీళ్ళు ఆపలేనప్పుడు ఉంచుకుని ఏం లాభం?" అన్నారు. ఆయన నోట ఆ మాట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంకా ఎనిమిది రోజులుంది.

మర్నాడు మొదటి తప్పు చేశాను. రేడియేటర్ వెనకవైపు తడి కనిపించింది. ఇంకేం, రేడియేటర్ చిల్లి అని తేల్చేసి విప్పించి, మాటు వేసే దుకాణానికి పట్టుకెళ్ళాను. ఆ బాబాయ్ రేడియేటర్ని నీళ్ళ తొట్టిలో ముంచి, గాలి కొట్టి చూశాడు. బుడగ రాలేదు. "దీన్లో ఏం లేదండీ" అన్నాడు. నేను వినలేదు. మూల దగ్గర పాత అతుకు బలహీనంగా ఉందని పట్టుబట్టి మాటు వేయించాను. బిగించాక రెండో రోజుకే మళ్ళీ లీటరు నీళ్ళు మాయం. దుకాణానికి వెళ్ళి నలుగురిలో ఆయన్ని నానా మాటలూ అన్నాను. ఆయన ఏమీ అనకుండా డబ్బులు వెనక్కి ఇచ్చేశాడు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

రెండో షెడ్డులో ఓ కుర్ర మెకానిక్కు చూడకుండానే "హెడ్ గాస్కెట్ పోయింది సార్, ఇంజను విప్పాలి" అని తేల్చేశాడు. నిజంగా హెడ్ గాస్కెట్ పోతే దానికి గుర్తులుంటాయి. సైలెన్సర్లోంచి తెల్లటి ఆవిరి ఆగకుండా వస్తుంది. ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్లటి జిగురు కడుతుంది. మూత తీసి ఇంజను తిప్పితే రేడియేటర్లో బుడగలు లేస్తాయి. మా బండికి ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. 'జనతా గ్యారేజ్'లో (2016) కార్లకన్నా మనుషుల కష్టాలే ఎక్కువ రిపేరు చేశారు గదా, ఈ కుర్రాడు దాంట్లో ట్రైనింగయ్యాడేమో, నా గుండెకే ఆపరేషన్ చేశాడు. అతను చెప్పిన అంకె విన్నాక కారు అమ్మేద్దామనే అనుకున్నాను.

చివరికి ఆటోనగర్లో ఓ ముసలి మేస్త్రీ దొరికాడు. లారీ ఇంజన్ల మధ్య ఓ మూల స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఈ వారం కాలమ్ నిజానికి ఆయనదే.

నేను బానెట్ ఎత్తబోతుంటే "వద్దు" అన్నాడు. "బండి ఇంటికి తీసుకుపొండి. ఇంజను బాగా చల్లబడ్డాక పొడిగుడ్డతో అంతా తుడవండి. రాత్రికి కింద తెల్లకాగితం పరవండి. పొద్దున్నే బండి కదపకుండా నాకు ఫోన్ చెయ్యండి" అన్నాడు. అంత పెద్ద తెల్లకాగితం ఎక్కడుంటుంది? అటక మీద నాన్నగారి పోస్టర్లున్నాయి. గోడకి అంటించే పెద్దవి, నాలుగైదు ముక్కలు కలిపితే గాని బొమ్మ పూర్తికాదు. ఒకటి దించి, బొమ్మ కిందకి, తెల్లవైపు పైకి వచ్చేలా ఇంజను కింద పరిచాం. చక్రాలెక్కడున్నాయో పెన్సిలుతో గీశాం. చుక్క పడితే అది ఇంజను ముందుదా, పక్కదా, వెనకదా అని తెలియాలి గదా.

పొద్దున్నే చూస్తే... ఒక్క చుక్క లేదు! పేపరు పెళ్ళిశుభలేఖలా మెరుస్తోంది. ఫోన్లో చెప్పాను, దిగాలుగా. మేస్త్రీ మాత్రం సంతోషించాడు. "అయితే సగం దొరికినట్టే. నిలబడ్డప్పుడు కారదు. తిరిగినప్పుడు, వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడే కారుతుంది. రేడియేటరూ కాదు, హోసూ కాదు అనుకుంటా. తీసుకురండి" అన్నాడు.

వెళ్ళాక మొదట అడిగింది, "నీళ్ళు ఎంతవరకు పోస్తారు?" అని. "గొంతు దాకా" అన్నాను గర్వంగా. నవ్వాడు. కొత్త కార్లకి పక్కన ఓ ప్లాస్టిక్ సీసా ఉంటుంది. వేడెక్కి పొంగిన నీళ్ళు అందులోకి పోయి, చల్లారాక వెనక్కి వస్తాయి. మా బండికి అది లేదు. గొంతుదాకా పోస్తే పొంగిందంతా గొట్టం గుండా రోడ్డు పాలు. ఓ అంగుళం తక్కువ పోయాలట. అంటే నేను రోజూ పోసిన లీటరులో కొంత అసలు లీకే కాదు, నా చేతి పుణ్యమే!

తర్వాత ఓ చిన్న చేతిపంపు తెచ్చాడు. దానికో గడియారం లాంటి మీటరు. రేడియేటర్ మూత తీసేసి, దాని స్థానంలో ఆ పంపు బిగించి, చల్లటి ఇంజను మీదే ఏడు పౌండ్లకి గాలి కొట్టాడు. వేడితో వచ్చే ఒత్తిడిని చేత్తో తెప్పించాడన్నమాట, చెయ్యి కాలకుండా. మీటరు ముల్లు ఏడు దగ్గర నిలబడింది. ఒక నిమిషం. రెండు. మెల్లగా ఆరున్నరకి దిగింది. అప్పుడు టార్చిలైటు, పిడి ఉన్న చిన్న అద్దం తీసుకుని వంగాడు. పళ్ళ డాక్టరు చూసినట్టు చూశాడు. హోస్ క్లిప్పులు, పొడి. రేడియేటర్ అతుకులు, పొడి. ఇంజను దిమ్మ పక్కనున్న బిళ్ళలు, పొడి. ఫ్యాను వెనకాల వాటర్ పంపు మెడ కిందకి అద్దం పోయింది. "ఇటు రండి సార్" అన్నాడు.

అక్కడ బఠాణీ గింజంత కన్నం. దాని అంచున ఓ నీటిబొట్టు, ముత్యంలా వేలాడుతోంది. పడింది. ఇంకోటి ఊరింది. కన్నం కింద ఇనుము మీద తుప్పురంగు చార, మధ్యలో పసుపుపచ్చ! ఉయ్యూరు టీ బంకాయన పసుపు వచ్చి సాక్ష్యం చెప్పింది.

నేను వెంటనే "ఆ కన్నాన్ని ఎంసీల్‌తో పూడ్చేస్తే?" అన్నాను. మేస్త్రీ నావైపు జాలిగా చూశాడు. ఆ కన్నం పాడై పడింది కాదు. ఫ్యాక్టరీవాళ్ళే పెట్టారు. పంపులో ఒకవైపు నీళ్ళు, ఒకవైపు బేరింగు. మధ్యలో ఓ సీలు. సీలు అరిగితే నీళ్ళు బేరింగులోకి పోకుండా, ఆ కన్నంలోంచి బయటపడి మనకి కబురు చెప్పాలి. కన్నం పూడిస్తే కబురు ఆగుతుంది, నీళ్ళు బేరింగులోకి పోయి గ్రీజు కడిగేస్తాయి. బేరింగు విరిగితే ఫ్యాను ఎగిరి రేడియేటర్ని నమిలేస్తుంది. ఆయన ఫ్యాను రెక్క పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాడు. అది పాలపన్నులా కదిలింది. "ఇంకో వంద కిలోమీటర్లు వెళ్ళుంటే మీ పెద్దాయన్ని రోడ్డుమీద దింపేసేది" అన్నాడు.

మరి రేడియేటర్ వెనకాల తడి ఎందుకు కనిపించింది? ఫ్యాను ఆ పంపు ఇరుసుకే బిగించి ఉంటుంది. కారిన ప్రతి చుక్కనీ తిరిగే రెక్కలు పట్టుకుని చుట్టూ చిమ్ముతాయి. రేడియేటర్ వీపు మీద, బ్యాటరీ మీద, బానెట్ లోపల. తడి అంతటా ఉంటుంది, చిల్లి ఒక్కచోటే. తడి చూసి నేను రేడియేటర్ని ముద్దాయిని చేశాను. కోర్టు సీన్లు అన్ని చూసీ, మొదట దొరికినవాడు ఎప్పుడూ హంతకుడు కాడని నాకు తట్టలేదు.

"సీలు ఎందుకు పోయింది?" అని అడిగాను. మేస్త్రీ బెల్టు మీద బొటనవేలు నొక్కాడు. కదల్లేదు. వీణతీగలా బిగిసి ఉంది. "ఎవరు బిగించారు?" అన్నాడు. నేను మాట్లాడలేదు. నిరుడు వేసవిలో బెల్టు కీచుమంటోందని ఓ గడ్డపలుగు అడ్డం పెట్టి డైనమోని లాగి, నా బలమంతా ఉపయోగించి బిగించింది నేనే. బెల్టు మరీ బిగిస్తే ఆ లాగుడంతా పంపు బేరింగు మీద పడుతుంది. బేరింగు వదులైతే ఇరుసు ఊగుతుంది, ఇరుసు ఊగితే సీలు అరుగుతుంది. రెండు పుల్లీల మధ్య బెల్టుని నొక్కితే ఓ అర అంగుళం లోపలికి పోవాలట. హీరో కండలు చూపించాల్సిన చోటు అది కాదన్నమాట.

బాగుచెయ్యడానికి ఒక పూట పట్టింది. రేడియేటర్ దించి, ఫ్యాను విప్పి, పాత పంపు తీశారు. దిమ్మ మీద అంటుకుపోయిన పాత గాస్కెట్ని మేస్త్రీ తన చేత్తోనే అరగంట గీకాడు. కుర్రాళ్ళకి ఇవ్వలేదు. ఓ పొలుసు మిగిలినా కొత్త గాస్కెట్ కూర్చోదట. ఇంకో వింత! థర్మోస్టాట్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎవరో ఎప్పుడో "ఇది ఉంటే వేడెక్కుతుంది" అని పీకేశారు. అది ఇంజను తగినంత వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్లోకి పోనివ్వని తలుపు. అది లేకపోతే ఇంజను చాలాసేపు చల్లగానే తిరిగి పెట్రోలు తాగుతుంది. కొత్తది పెట్టించాం. రేడియేటర్లో నీళ్ళగొట్టం పెట్టి కడిగితే మొదట తుప్పు, తర్వాత పసుపు, ఆ తర్వాత సున్నపు పెచ్చులు వచ్చాయి. ఇన్నేళ్ళూ మేం పోసింది బోరునీళ్ళు మరి.

ఈసారి ఉత్త నీళ్ళు పోయలేదు. కూలెంటు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు, సగం సగం. మనకి మంచు ఎక్కడిది, కూలెంటెందుకు అంటారు చాలామంది. మంచు సంగతి అలా ఉంచండి. అది మరిగే వేడిని పెంచుతుంది, తుప్పు పట్టకుండా ఆపుతుంది. ఒక్క జాగ్రత్త. అది తియ్యగా ఉంటుంది, విషం. కిందపడ్డది కుక్కలు నాకుతాయి, చిన్నపిల్లలు వేలుపెట్టి చూస్తారు. వెంటనే కడిగెయ్యాలి. మూత తెరిచే ఉంచి ఇంజను తిప్పుతూ, పైన హోసు వేడెక్కి లోపలి గాలి బుడగలన్నీ వచ్చేదాకా ఆగి, తగ్గింది నింపి మూత బిగించాడు. అన్నీ కలిపి అయిన ఖర్చు, ఆ కుర్ర మెకానిక్కు చెప్పిన దాంట్లో ఐదోవంతు కూడా కాలేదు.

ఆ సాయంత్రమే మాటు దుకాణానికి వెళ్ళాను. అక్కడ అదే నలుగురూ ఉన్నారు, మంచిదయింది. "బాబాయ్, రేడియేటర్ది తప్పు కాదు, నాదే" అని చెప్పి, ఆయన వెనక్కిచ్చిన డబ్బు బల్ల మీద పెట్టాను. ఆయన లెక్కపెట్టి, మాటు వేసిన కూలి మాత్రం ఉంచుకుని మిగతాది నా జేబులో కుక్కాడు. "వాటర్ పంపేనా?" అన్నాడు. "మీకు ముందే తెలుసా?" అన్నాను. "అనుమానం వచ్చింది. చెబుదామంటే మీరు విన్నార్టండీ!" అన్నాడు.

తొమ్మిదో రోజున, అంటే ఇంకొక్క రోజు మిగిలుండగా, అవనిగడ్డ బయల్దేరాం. ఉయ్యూరు దగ్గర మళ్ళీ చెరకు ట్రాక్టర్లే. నా కళ్ళు రోడ్డు మీద కన్నా మీటరు మీదే ఎక్కువ ఉన్నాయి. ముల్లు మధ్యలో నిలబడింది, కదల్లేదు. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి. ఎక్కడా మూత తియ్యలేదు.

వాళ్ళు ఒకరోజు ముందే మొదలుపెట్టేశారు. పైకప్పు రేకులు దించేశారు. బాల్కనీ లేదు. ప్రొజెక్టరు గది గోడ, ఎదురుగా తెర ఉండే గోడ మాత్రం నిలబడున్నాయి. మధ్యలో ఎండ. నాన్నగారు ప్రొజెక్టరు కన్నం దగ్గరకెళ్ళి అందులోంచి తొంగిచూశారు. చాలాసేపు చూశారు. పనివాళ్ళు కూడా కాసేపు పలుగులు పక్కన పెట్టారు. ఏం కనిపించిందో నేను అడగలేదు. కార్లోకి వచ్చి కూర్చుని, "డబ్బాలో నీళ్ళున్నాయా?" అన్నారు. ఇంజనుకి అక్కర్లేదండీ అన్నాను. "ఇంజనుకి కాదురా, నాక్కావాలి" అన్నారు. తాగారు.

ఆ రాత్రి కూడా కారు కింద పోస్టరు పరిచాం, మేస్త్రీ మాట ప్రకారం. తెల్లారి చూస్తే పొడిగా ఉంది. కారు అమ్మే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాన్నగారు పోస్టరు మడతపెట్టబోతూ, అది ఏ సినిమాదో చూద్దామని తిప్పారు. నాలుగు ముక్కల్లో మాకు దొరికింది కింది ముక్కే. హీరోవి రెండు బూట్లు, ఓ కారు ముందు చక్రం.

ఏలూరు తమ్ముడూ, నీ రెండో ప్రశ్న, విలన్ కారు లోయలో పడీపడగానే ఎందుకు పేలుతుందన్నది, వచ్చేవారం.